మార్ట్‌గేజ్ ఉన్న ఇల్లు, డిసెబిలిటీ బెనిఫిట్ల ఆదాయం: బ్రిటన్‌లో ఇల్లు మారేవాళ్లు ఏది ముందు చేయాలి

బ్రిటన్‌లో మార్ట్‌గేజ్ మీద ఇల్లు కొన్నాక ఆరోగ్యం దెబ్బతిని ఉద్యోగం మానేయాల్సి వస్తే, కొన్నాళ్లకు ఆ ఇల్లే అడ్డంకి అవుతుంది. బాత్‌రూమ్ మేడ మీద ఉంటుంది. గుమ్మం ముందు రెండు మెట్లుంటాయి. హాల్లో వీల్‌చెయిర్ తిరగదు. ఇక మారక తప్పదని తేలగానే ఎక్కువమంది ముందు ఎస్టేట్ ఏజెంటుకు ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ నాలుగోది కావాలి. మొదటి ఫోన్ లెండర్‌కు, రెండోది డీడబ్ల్యూపీకి (బెనిఫిట్లు ఇచ్చే ప్రభుత్వ శాఖ), మూడోది కౌన్సిల్‌లోని ఆక్యుపేషనల్ థెరపిస్టుకు (ఇల్లు మీ అవసరాలకు సరిపోతుందో చూసే నిపుణులు). ఈ వరస తప్పితే ఇల్లు అమ్ముడుపోయాక కొత్త లోన్ రాకపోవచ్చు, బెనిఫిట్ ఆగిపోవచ్చు, కొన్న ఇంట్లో ర్యాంపుకు చోటు లేదని తేలవచ్చు. ఈ మూడూ తరచూ జరిగేవే, మూడింటినీ ముందే ఆపుకోవచ్చు కూడా.

ఇక్కడ రాసేది ప్రధానంగా ఇంగ్లండ్ పద్ధతి. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో గ్రాంట్లు, కొనుగోలు పన్నులు కొంత వేరు. స్కాట్లండ్‌లో పిప్ (పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్, వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే బెనిఫిట్) స్థానంలో అడల్ట్ డిసెబిలిటీ పేమెంట్ ఉంటుంది.

ఇంకో మాట, వీసా మీద ఉన్నవాళ్ల కోసం. స్కిల్డ్ వర్కర్ లాంటి వీసాల మీద 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్' (ప్రభుత్వ సాయం తీసుకోకూడదన్న షరతు) అని ఉంటే పిప్, యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకిచ్చే బెనిఫిట్) రెండూ మీకు నిషిద్ధం. వాటిని తీసుకుంటే వీసా షరతు ఉల్లంఘించినట్టు లెక్క. నేషనల్ ఇన్సూరెన్స్ చెల్లింపుల మీద వచ్చే న్యూ స్టైల్ ఈఎస్ఏ (అనారోగ్యంతో పని చేయలేనివాళ్లకిచ్చే భత్యం) మాత్రం పబ్లిక్ ఫండ్స్ కిందికి రాదు. ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) లేదా బ్రిటిష్ పౌరసత్వం ఉన్నవాళ్లకు ఈ అడ్డంకి లేదు. కింద రాసిందంతా వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది.

లెండర్‌తో మొదలుపెట్టండి

ఉన్న మార్ట్‌గేజ్‌ను అదే రేటుతో కొత్త ఇంటి మీదికి తీసుకెళ్లడాన్ని పోర్టింగ్ అంటారు. మీ పాత ఆఫర్ లెటర్‌లో 'ఈ మార్ట్‌గేజ్ పోర్టబుల్' అని రాసి ఉండొచ్చు. దాన్ని హక్కు అనుకోకండి. రేటును మోసుకెళ్లే వీలుందని మాత్రమే దాని అర్థం. కొత్త ఇంటికి లెండర్ దాదాపు మొదటి నుంచీ దరఖాస్తు తీసుకుంటుంది, ఆదాయం చూస్తుంది, కొత్త ఇంటికి వాల్యుయేషన్ చేయిస్తుంది. మీరు లోన్ తీసుకున్నప్పుడు జీతం ఉంది, ఇప్పుడు బెనిఫిట్లు ఉన్నాయి. చాలామంది దరఖాస్తులు ఆగిపోయేది ఇక్కడే. పదేళ్లుగా ఒక్క వాయిదా తప్పకపోయినా 'అఫర్డబిలిటీ సరిపోదు', అంటే వాయిదాలు కట్టడానికి ఆదాయం చాలదు, అనే జవాబు రావచ్చు.

2014 ఏప్రిల్ 26న ఆదాయ పరిశీలన నిబంధనలు కఠినమయ్యాయి. మీ లోన్ అంతకు ముందుదైతే, అదనంగా అప్పు అడగకపోతే, పూర్తి పరిశీలన లేకుండా మార్చే వెసులుబాటు లెండర్‌కు ఉంది. ఇస్తుందా లేదా అన్నది దాని ఇష్టం. ఫోన్ ఎత్తిన మొదటి ఉద్యోగికి ఇది తెలియకపోవచ్చు కాబట్టి ఉత్తరంలో అడగండి: 'అదనపు అప్పు వద్దు, మిగిలిన బాకీ ఇంత, పాత లోన్ తేదీ ఇది, అండర్‌రైటర్ స్వయంగా చూడాలి.' కంప్యూటర్ స్కోరు కాదన్న కేసును మనిషి చూసి ఒప్పుకోవడం జరుగుతుంది.

ఫిక్స్‌డ్ రేటు మధ్యలో ఇల్లు అమ్మితే ఎర్లీ రీపేమెంట్ ఛార్జ్ పడుతుంది. సాధారణంగా మిగిలిన బాకీ మీద 1 నుంచి 5 శాతం. బాకీ 1,40,000 పౌండ్లు, ఛార్జ్ 3 శాతం అయితే 4,200 పౌండ్లు. చిన్న ఇంటికి మారుతూ 1,00,000 మాత్రమే పోర్ట్ చేస్తే, వదిలేసిన 40,000 మీద 3 శాతం, అంటే 1,200 పడుతుంది. చాలా డీల్స్‌లో ఏడాదికి బాకీలో 10 శాతం వరకు ఛార్జ్ లేకుండా కట్టుకోవచ్చు. ఆ 14,000ను ఈ 40,000లోంచి తీసేసి లెక్కిస్తారా అని అడగండి. ఒప్పుకుంటే ఛార్జ్ 780కి తగ్గుతుంది.

అమ్మకం, కొనుగోలు ఒకే రోజు పూర్తికాకపోతే లెండర్ ముందు ఛార్జ్ మొత్తం వసూలు చేసి, కొన్ని నెలల గడువులోపు కొత్త ఇల్లు కొంటే తిరిగి ఇస్తుంది. గడువు ఒక్కో లెండర్‌కు ఒక్కో రకం. అది ఎన్ని రోజులో, ఏ తేదీ నుంచి లెక్కో రాతపూర్వకంగా తీసుకోండి. బెనిఫిట్ల మీద ఉన్న కుటుంబానికి నాలుగు వేల పౌండ్లు నెలల తరబడి వేరేచోట ఇరుక్కుపోవడం చిన్న విషయం కాదు. వీలైనంతవరకు రెండు కంప్లీషన్లూ (డబ్బు చెల్లించి ఇల్లు చేతులు మారడం) ఒకే రోజుకు పెట్టించుకోవడమే మేలు.

ఆదాయం చూపించడంలో జరిగే నష్టం

బెనిఫిట్లను ఆదాయంగా ఒప్పుకోవడంలో లెండర్లందరిదీ ఒకే తీరు కాదు. పిప్‌ను పూర్తిగా లెక్కలోకి తీసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. యూనివర్సల్ క్రెడిట్ విషయంలో కొందరు కొంత భాగమే తీసుకుంటారు, కొందరు అసలు తీసుకోరు. మోటబిలిటీ పథకం కింద లీజుకు తీసుకున్న కారు ఉంటే పిప్‌లో రాకపోకలకిచ్చే మొబిలిటీ సొమ్ము నేరుగా అక్కడికే పోతుంది కాబట్టి దాన్ని ఆదాయంగా చూపించినా నిలవకపోవచ్చు. డైలీ లివింగ్ (రోజువారీ అవసరాల) భాగం మీదే ఆధారపడండి.

ఇక్కడ మామూలుగా జరిగే ఒక పొరపాటు ఉంది. పిప్ నెలకోసారి రాదు, నాలుగు వారాలకోసారి వస్తుంది. 2025-26లో డైలీ లివింగ్ ఎన్‌హాన్స్‌డ్ రేటు వారానికి 110.40 పౌండ్లు, నాలుగు వారాలకు 441.60. బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఆ అంకె చూసి ఎవరైనా 12తో గుణిస్తే ఏడాదికి 5,299.20 వస్తుంది. నిజానికి ఏడాదికి పదమూడు చెల్లింపులు, అంటే 5,740.80. ఆదాయానికి నాలుగు రెట్ల వరకు లోన్ ఇచ్చే లెండర్ దగ్గర ఈ ఒక్క తప్పుకు 1,700 పౌండ్లకు పైగా లోన్ తగ్గుతుంది. దరఖాస్తు ఫారంలో నెల ఆదాయం అడిగినచోట, ఆ రేటు ప్రకారమైతే 478.40 అని రాసి, లెక్క పక్కనే చూపించండి. పిప్‌కు పన్ను లేదు. పన్ను లేని ఆదాయాన్ని జీతంతో సమానంగా ఎలా పోలుస్తారని బ్రోకర్‌ను అడగడం కూడా మరచిపోవద్దు.

అవార్డ్ లెటర్ మీద సాధారణంగా ముగింపు తేదీ ఉంటుంది. లెండర్ చూపు మొదట దాని మీదే పడుతుంది. ఇంకో ఏడెనిమిది నెలల్లో రివ్యూ ఉంటే దరఖాస్తు ఇప్పుడు పెట్టాలా, రివ్యూ తర్వాత పెట్టాలా అని ఆలోచించాలి. రివ్యూ అయి కొత్తగా ఎక్కువ కాలానికి అవార్డ్ వచ్చాక పెట్టిన దరఖాస్తే బలంగా ఉంటుంది. మార్ట్‌గేజ్ ఆఫర్ వచ్చాక, కంప్లీషన్‌కు ముందు అవార్డ్ తగ్గితే లెండర్‌కు చెప్పాల్సిన బాధ్యత మీదే. దాచిపెడితే తర్వాత తలనొప్పి పెద్దది. లోన్ గడువు పెన్షన్ వయసు దాటి వెళ్తుంటే, ఈఎస్ఏ ఆ వయసులో ఆగిపోతుందని, అప్పటికే పిప్ తీసుకుంటున్నవాళ్లకు అర్హత ఉన్నంతవరకు పిప్ కొనసాగుతుందని ముందే రాసి ఇవ్వండి.

ఒక లెండర్ కాదంటే వెంటనే ఇంకో నాలుగు చోట్ల దరఖాస్తు చేయకండి. ప్రతి పూర్తి దరఖాస్తూ క్రెడిట్ ఫైల్‌లో కనిపిస్తుంది. ముందు సాఫ్ట్ చెక్‌తో (క్రెడిట్ స్కోరును తాకని పరిశీలన) అగ్రిమెంట్ ఇన్ ప్రిన్సిపుల్ (ఇంత లోన్ ఇవ్వొచ్చన్న ప్రాథమిక అంగీకారం) తీసుకోవాలి. మొత్తం మార్కెట్ చూసే బ్రోకర్‌ను మొదటే 'పిప్, యూనివర్సల్ క్రెడిట్ ఆదాయంతో ఈ మధ్య కేసులు చేశారా, ఏ లెండర్ల దగ్గర?' అని అడగండి. సూటిగా జవాబు చెప్పలేకపోతే ఇంకొకరిని వెతకడం మంచిది.

వైకల్యం ఉందన్న కారణంతో తిరస్కరించడం ఈక్వాలిటీ యాక్ట్ 2010 ప్రకారం చెల్లదు. ఆదాయం సరిపోక తిరస్కరించడం చెల్లుతుంది. ఏ కారణమో రాతలో ఇమ్మని అడగండి. పెద్ద అక్షరాల కాగితాలు, ఫోన్‌కు బదులు ఈమెయిల్, మీ తరఫున ఇంకొకరు మాట్లాడే ఏర్పాటు లాంటివి అడగడం కూడా అదే చట్టం కింద మీ హక్కు. ఫిర్యాదు చేస్తే లెండర్ తుది జవాబు ఇవ్వడానికి 8 వారాల గడువు ఉంటుంది. ఆ జవాబు నచ్చకపోతే 6 నెలల్లోపు ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. అక్కడ ఖర్చేమీ లేదు.

ఎస్ఎంఐ ఉంటే: డీడబ్ల్యూపీకి కూడా మీ ఇంటి మీద తనఖా ఉంటుంది

సపోర్ట్ ఫర్ మార్ట్‌గేజ్ ఇంటరెస్ట్, అంటే ఎస్ఎంఐ, ఒకప్పుడు బెనిఫిట్. 2018 ఏప్రిల్ 6 నుంచి అది అప్పు. పిప్ ఒక్కటే ఉంటే ఇది రాదు, న్యూ స్టైల్ ఈఎస్ఏ ఒక్కటే ఉన్నా రాదు. యూనివర్సల్ క్రెడిట్, పెన్షన్ క్రెడిట్ లాంటి ఆదాయం చూసి ఇచ్చే బెనిఫిట్ ఉండాలి. యూనివర్సల్ క్రెడిట్‌లో వరసగా మూడు అసెస్‌మెంట్ పీరియడ్లు (ఒక్కోటి ఒక నెల) గడిచాక మొదలవుతుంది. 2023 ఏప్రిల్‌కు ముందు ఇది తొమ్మిది నెలలుండేది. పాత వ్యాసాలు చదివి ఇంకా తొమ్మిది నెలలనే అనుకుంటున్నవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. యూనివర్సల్ క్రెడిట్‌లో 2,00,000 పౌండ్ల వరకు లోన్ మీద వడ్డీ నేరుగా లెండర్‌కు కడతారు. లోన్ అసలు మొత్తాన్ని కట్టరు, ఇన్సూరెన్స్ కట్టరు, పాత బకాయిలు కట్టరు.

వడ్డీ కూడా మీ అసలు రేటుతో కాదు, ప్రభుత్వం నిర్ణయించిన ప్రామాణిక రేటుతో కడతారు. లోన్ 1,20,000, ప్రామాణిక రేటు 3.5 శాతం, మీ రేటు 5 శాతం అనుకుందాం. ఎస్ఎంఐ నెలకు 350 పౌండ్లు, మీ వడ్డీ నెలకు 500. తేడా 150 పౌండ్లు, దానికి తోడు అసలు భాగం, మీ జేబులోంచే పోతాయి. మారడం వల్ల రేటు పెరిగితే ఈ తేడా కూడా పెరుగుతుంది. పాత ఫిక్స్‌డ్ రేటు తక్కువగా ఉంటే పోర్టింగ్ కోసం గట్టిగా పట్టుబట్టమని చెప్పేది ఇందుకే.

ఈ అప్పుకు హామీగా డీడబ్ల్యూపీ మీ ఇంటి మీద రెండో తనఖా నమోదు చేస్తుంది. ఇల్లు అమ్మినప్పుడు మొదట లెండర్ బాకీ, తర్వాత ఎస్ఎంఐ అప్పు వడ్డీతో సహా తీరాలి. దానికి సరిపడా మిగలకపోతే మిగతాది రద్దు చేస్తారు. కానీ మీరు ఇంకో ఇల్లు కొంటున్నారు కాబట్టి ఆ అప్పును కొత్త ఇంటి మీదికి మార్పించుకోవచ్చు. షరతు ఒక్కటే: అమ్మకం పూర్తయ్యేలోపే డీడబ్ల్యూపీ లోన్ మేనేజ్‌మెంట్‌కు చెప్పి, మీ సొలిసిటర్ వివరాలు ఇవ్వాలి. పాత తనఖా తీసేసి కొత్త ఇంటి మీద నమోదు చేసే పనిని సొలిసిటర్ వాళ్లతో కలిసి చూస్తారు. చెప్పకుండా అమ్మేస్తే ఎస్ఎంఐ బాకీ అమ్మకం సొమ్ములోంచి పోతుంది, కొత్త ఇంటికి పెట్టాల్సిన డిపాజిట్ అంత మేరకు తగ్గుతుంది. అయిదారేళ్లుగా ఎస్ఎంఐ తీసుకున్నవాళ్లకు అది వేలల్లో ఉంటుంది.

చౌకగా చేసే కన్వేయన్సింగ్ (ఇళ్ల అమ్మకం, కొనుగోలు కాగితాల పని) సంస్థల్లో చాలామందికి ఎస్ఎంఐ మార్పిడి ఎప్పుడూ చేసిన అనుభవం ఉండదు. ఫీజు మాట్లాడే ముందే అడిగి తెలుసుకోండి. కొత్త లెండర్‌కు కూడా రెండో తనఖా రాబోతోందని ముందే చెప్పాలి. చివరి వారంలో తెలిస్తే కంప్లీషన్ వాయిదా పడుతుంది.

అమ్మిన డబ్బు, ఊళ్లో స్థలం, నాన్న పంపిన సొమ్ము

పిప్‌కు పొదుపుతో సంబంధం లేదు. యూనివర్సల్ క్రెడిట్‌కు ఉంది. 6,000 పౌండ్లు దాటిన ప్రతి 250కీ, అందులో భాగానికీ నెలకు 4.35 ఆదాయం వస్తున్నట్టు లెక్కేసి కోస్తారు. 10,000 ఉంటే నెలకు 69.60 తగ్గుతుంది. 16,000 దాటితే బెనిఫిట్ మొత్తం ఆగుతుంది, దాంతో పాటు ఎస్ఎంఐ కూడా.

ఇల్లు అమ్మితే చేతికొచ్చే సొమ్ము ఈ పరిమితిని ఒక్కరోజులో దాటేస్తుంది. అయితే ఇంకో ఇల్లు కొనడానికి ఉద్దేశించిన సొమ్మును ఆరు నెలల పాటు లెక్కలోకి తీసుకోరు. న్యాయమైన కారణం ఉంటే గడువు పొడిగించవచ్చు. ఇక్కడ 'ఉద్దేశించిన' అన్నదే కీలకం. 90,000 వచ్చి, 70,000 మాత్రమే కొత్త ఇంట్లో పెడుతుంటే మిగిలిన 20,000కు ఆ రక్షణ లేదు, బెనిఫిట్ పోతుంది. చిన్న ఇంటికి మారేవాళ్లు ఎక్కువగా పట్టించుకోని విషయం ఇదే. మిగులు ఉంటే ముందే మార్ట్‌గేజ్‌లో వేసి అప్పు తగ్గించుకోండి. నిజంగా ఉన్న అప్పు తీర్చడాన్ని యూనివర్సల్ క్రెడిట్ నిబంధనలు డబ్బు వదిలించుకోవడంగా చూడవు. బంధువుల ఖాతాలోకి పంపడాన్ని మాత్రం అలాగే చూస్తాయి, డబ్బు ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు లెక్కేస్తాయి.

అమ్మకం సొమ్మును వేరే ఖాతాలో పెట్టి ముట్టుకోకుండా ఉంచండి. సొమ్ము వచ్చిన రోజే యూనివర్సల్ క్రెడిట్ ఆన్‌లైన్ జర్నల్‌లో తేదీ, మొత్తం, ఎందుకో రాసి, సొలిసిటర్ ఉత్తరం జత చేయండి. ఎవరూ అడగకముందే ఉన్న కాగితానికి విలువ ఎక్కువ.

ఇక మన కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పాల్సింది. గుంటూరులోనో, కరీంనగర్‌లోనో మీ పేరున ఉన్న ప్లాటు, అద్దెకిచ్చిన ఫ్లాట్, అన్నదమ్ములతో ఉమ్మడిగా ఉన్న పొలంలో మీ వాటా, ఇవన్నీ యూనివర్సల్ క్రెడిట్ దృష్టిలో క్యాపిటలే. విదేశంలో ఉందని లెక్కలోంచి పోదు. అక్కడి మార్కెట్ విలువలోంచి అమ్మకం ఖర్చులకు 10 శాతం, దాని మీద ఉన్న తాకట్టు అప్పు తీసేసి చూస్తారు. హైదరాబాద్ శివార్లలో చిన్న ప్లాటైనా నేటి ధరల్లో 16,000 పౌండ్లు దాటడం కష్టమేమీ కాదు. 'అది నాన్న కొన్నది, నా పేరు మీద ఉందంతే' అనే పరిస్థితి ఉంటే, నిజంగా డబ్బు ఎవరు పెట్టారో చూపే కాగితాలతో ముందే సలహా తీసుకోండి. ఇల్లు మారేటప్పుడు లెండర్, సొలిసిటర్, డీడబ్ల్యూపీ ముగ్గురూ మీ డబ్బు వివరాలు అడుగుతారు. ఒకరికి ఒకటి, మరొకరికి ఇంకొకటి చెప్పిన చోటే చిక్కులన్నీ పుడతాయి.

ఇండియా నుంచి తల్లిదండ్రులు సాయం చేస్తే, వాళ్లు ఆర్‌బీఐ లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు పంపొచ్చు. 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద, చదువు, వైద్యం కాని అవసరాలకు 20 శాతం టీసీఎస్ (ముందుగా వసూలు చేసే పన్ను) బ్యాంకు ముందే పట్టుకుంటుంది. అది రిటర్నుల్లో సర్దుకుంటుంది, కానీ పంపే రోజు ఆ డబ్బు కూడా చేతిలో ఉండాలి. ఇక్కడ సొలిసిటర్ బహుమతి ఉత్తరం, పంపినవారి బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఆ డబ్బు ఎక్కడిదో రుజువు అడుగుతారు. పొలం అమ్మిన డబ్బైతే రిజిస్టర్డ్ సేల్ డీడ్ కావాలి, తెలుగులో ఉంటే అనువాదం కూడా. ఆ సొమ్మును నెలల ముందు మీ ఖాతాలో వేయించుకోకండి. అమ్మిన ఇంటి సొమ్ముకున్న ఆరు నెలల మినహాయింపు బహుమతికి ఉందని నమ్ముకోవడం ప్రమాదం. కొనుగోలు దగ్గరపడ్డాక నేరుగా సొలిసిటర్ క్లయింట్ అకౌంట్‌కు పంపించే ఏర్పాటు చేసి, అప్పుడు కూడా జర్నల్‌లో చెప్పండి.

ఏ ఇల్లు: టేపు పట్టుకుని చూడాలి

ఇల్లు చూడటానికి వెళ్లేముందే కౌన్సిల్‌కు ఫోన్ చేసి ఆక్యుపేషనల్ థెరపిస్ట్ అసెస్‌మెంట్ అడగండి. వేరే కౌన్సిల్ పరిధికి మారుతుంటే అక్కడి కౌన్సిల్‌కు. నచ్చిన ఇంటి ఫ్లోర్ ప్లాన్ వాళ్లకు పంపించి, మార్పులకు వీలుందా అని ఆఫర్ ఇచ్చేముందే అడగాలి.

గుమ్మం ముందు 150 మిల్లీమీటర్ల మెట్లు రెండు ఉంటే మొత్తం ఎత్తు 300. 1:15 వాలుతో ర్యాంపు కట్టాలంటే 4.5 మీటర్ల పొడవు, పైగా పైనా కిందా తిరగడానికి చదును స్థలం కావాలి. వాకిలి నుంచి రోడ్డు వరకు 3 మీటర్లే ఉన్న టెర్రస్ ఇంటికి అది నేరుగా పట్టదు. వీల్‌చెయిర్ పూర్తిగా తిరగడానికి 1,500 మిల్లీమీటర్ల చోటు కావాలి. తలుపు వెడల్పు కొలిచేటప్పుడు ఫ్రేమ్ కాదు, తలుపు తెరిచినప్పుడు మిగిలే ఖాళీ కొలవాలి. పాత ఇళ్లలో అది 700 చుట్టూ ఉంటుంది. కొత్త ఇళ్ల నిబంధనల్లో మామూలు ఇంటికి లోపలి తలుపుల్లో 750 కనీసం, ముందు తలుపుకు 775. వీల్‌చెయిర్ ఇళ్లకు 850. ఫ్లాట్ అయితే లీజు ఎన్నేళ్లు మిగిలిందో, బాత్‌రూమ్ మార్పుకు, గుమ్మం దగ్గర ర్యాంపుకు ఫ్రీహోల్డర్ (భవనం, స్థలం యజమాని) ఒప్పుకుంటాడో ముందే తేల్చుకోండి. 80 ఏళ్లకంటే తక్కువ మిగిలిన లీజు లోన్‌కూ, మళ్లీ అమ్మడానికీ అడ్డమవుతుంది.

మార్పుల ఖర్చుకు డిసేబుల్డ్ ఫెసిలిటీస్ గ్రాంట్ ఉంది. ఇంగ్లండ్‌లో గరిష్ఠంగా 30,000 పౌండ్లు. యూనివర్సల్ క్రెడిట్ ఉంటే ఆదాయ పరీక్షలో మీ వంతు ఉండదు. 18 ఏళ్లలోపు పిల్లల కోసమైతే తల్లిదండ్రుల ఆదాయం అసలు చూడరు. కొనబోయే ఇంటికి కూడా దరఖాస్తు పెట్టొచ్చు. పూర్తి దరఖాస్తు అందాక కౌన్సిల్ 6 నెలల్లోపు జవాబివ్వాలి. ఆమోదం రాకముందు పని మొదలుపెడితే ఆ పనికి డబ్బు రాదు. ఆ ఇంట్లో అయిదేళ్లుంటామని రాసివ్వాలి. ర్యాంపులు, తలుపులు వెడల్పు చేయడం లాంటి పనులకు వైకల్యం ఉన్నవాళ్లకు వ్యాట్ లేదు. పని మొదలుకాకముందే బిల్డర్‌కు డిక్లరేషన్ రాసి ఇవ్వాలి.

పాత ఇంట్లో ఇదే గ్రాంట్‌తో లిఫ్టో, బాత్‌రూమో కట్టించుకుని ఉంటే ఒక విషయం చూసుకోండి. గ్రాంట్ 5,000 దాటితే, దాటిన భాగంలో 10,000 వరకు పదేళ్లలోపు ఇల్లు అమ్మినప్పుడు కౌన్సిల్ వెనక్కి అడగొచ్చు. అయితే ఆరోగ్యం కోసం మారుతున్నారా, సంరక్షకుల దగ్గరికి వెళ్తున్నారా, చెల్లిస్తే ఇబ్బంది పడతారా అన్నది కౌన్సిల్ తప్పకుండా పరిశీలించాలి. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ ఉత్తరం జతచేసి అమ్మకానికి ముందే మాఫీ అడగండి. చాలామంది అడగకుండానే కట్టేస్తారు.

పన్నులు

వైకల్యం ఉందని స్టాంప్ డ్యూటీలో రాయితీ లేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి మొదటి 1,25,000కు సున్నా, అక్కడి నుంచి 2,50,000 వరకు 2 శాతం, ఆపైన 9,25,000 వరకు 5 శాతం. 2,40,000 ఇంటికి 2,300 పౌండ్లు. కంప్లీషన్ అయిన 14 రోజుల్లో చెల్లించాలి. ఇండియాలో ఇల్లు ఉన్నవాళ్లు రెండో ఇంటి మీద పడే అదనపు 5 శాతం సర్‌ఛార్జ్ గురించి భయపడతారు. మీరు ఉంటున్న ఇంటిని అమ్మి, దాని బదులు ఇంకోటి కొంటుంటే, మీకు వేరేచోట ఇల్లున్నా సర్‌ఛార్జ్ లేదు. కొత్తది ముందు కొని పాతది తర్వాత అమ్మితే ముందు కట్టి, పాతది మూడేళ్లలోపు అమ్మాక వాపసు అడగాలి. 2,40,000 మీద అది 12,000 పౌండ్లు. రెండూ ఒకే రోజు పూర్తిచేయమనడానికి ఇది ఇంకో కారణం.

కౌన్సిల్ ట్యాక్స్‌లో వైకల్యపు తగ్గింపు వేరే ఉంది. వీల్‌చెయిర్‌కు లోపల అదనపు స్థలం, రెండో బాత్‌రూమ్ లేదా వైకల్యం ఉన్న వ్యక్తి అవసరానికే వాడే గది ఉంటే ఇంటి బ్యాండ్ (పన్ను శ్రేణి) ఒకటి తగ్గించి లెక్కేస్తారు. పాత ఇంట్లో వచ్చింది కొత్త ఇంటికి దానంతట అది రాదు, మళ్లీ అడగాలి. తక్కువ ఆదాయానికి ఇచ్చే కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ కూడా అంతే. ఒక్కో కౌన్సిల్‌కు ఒక్కో పథకం ఉంటుంది.

లెండర్ అసలు కాదంటే

ఇల్లు అమ్మితే మిగిలే సొమ్ముతో అప్పు లేకుండా చిన్నది కొనగలరా అని ముందు చూడండి. చవక ప్రాంతానికి మారి మార్ట్‌గేజ్ లేకుండా ఉండటం చాలామందికి నెలనెలా ఊపిరి తీసుకునే వీలు ఇస్తుంది. అయితే ఆసుపత్రి, సంరక్షకులు, తెలిసినవాళ్లు దూరమయ్యే బరువూ తక్కువేం కాదు. దాన్ని డబ్బుతో కొలవకండి.

రెండోది హోల్డ్ అనే షేర్డ్ ఓనర్‌షిప్ పథకం, దీర్ఘకాలిక వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఇంగ్లండ్‌లో ఉంది. మామూలు షేర్డ్ ఓనర్‌షిప్ ఇళ్లలో మీ అవసరానికి తగినది, ఉదాహరణకు గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు, దొరకనప్పుడు ఇది వర్తిస్తుంది. కుటుంబ ఆదాయం లండన్ బయట 80,000, లండన్‌లో 90,000 దాటకూడదు. మీ వాటా పోగా మిగతా భాగానికి కట్టే అద్దెకు యూనివర్సల్ క్రెడిట్ గృహ భాగం సాయపడుతుంది. అవకాశాలు తక్కువ, సమయం ఎక్కువ పడుతుంది. పాత ఇల్లు అమ్మకానికి పెట్టకముందే ఈ దారి మొదలుపెట్టాలి.

మూడోది మారకుండా ఉన్న ఇంటినే మార్చుకోవడం. లిఫ్ట్, కింద బాత్‌రూమ్ గ్రాంట్‌తో వస్తాయంటే, అమ్మకం ఖర్చులు, స్టాంప్ డ్యూటీ, ఫీజులు కలిపి చూసి, మారడం నిజంగా అవసరమేనా అని ఒకసారి మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి.

ఎక్స్ఛేంజ్ నుంచి తాళాలు చేతికొచ్చే వరకు

కాంట్రాక్టులు ఎక్స్ఛేంజ్ అయ్యాక, అంటే ఒప్పందానికి ఇద్దరూ కట్టుబడ్డాక, వెనక్కి తగ్గితే డిపాజిట్ పోతుంది. సాధారణంగా అది 10 శాతం. అందుకే ఎక్స్ఛేంజ్‌కు ముందు మూడు కాగితాలు చేతిలో ఉండాలి: మార్ట్‌గేజ్ ఆఫర్, ఎస్ఎంఐ మార్పిడికి డీడబ్ల్యూపీ జవాబు, ఇల్లు సరిపోతుందన్న థెరపిస్ట్ అభిప్రాయం. ఎక్స్ఛేంజ్‌కూ కంప్లీషన్‌కూ మధ్య కనీసం రెండు వారాలు అడగండి. ఆరోగ్యం బాగాలేని మనిషికి ఒక్క వారంలో ఇల్లు సర్దడం కుదరదు. సంతకం పెట్టలేనివాళ్లు, జ్ఞాపకశక్తి సమస్య ఉన్నవాళ్ల విషయంలో లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ (తమ తరఫున నిర్ణయాలు తీసుకునే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం) ముందే రిజిస్టర్ చేయించుకోవాలి. అది వారాల పని, చివర్లో హడావుడిగా అవదు.

హాస్పిటల్ బెడ్, హాయిస్ట్ లాంటివి కౌన్సిల్ లేదా ఎన్‌హెచ్ఎస్ అరువుగా ఇచ్చినవై ఉంటే, వేరే ప్రాంతానికి మారేటప్పుడు వాటిని మీతో తీసుకెళ్లనివ్వకపోవచ్చు. కొత్తచోట మొదటి రాత్రికే మంచం కావాలి కాబట్టి ఆరు వారాల ముందే అడగండి. సంరక్షణ సేవల విషయంలో ఇంగ్లండ్‌లో కేర్ యాక్ట్ 2014 రక్షణ ఉంది: మారుతున్నట్టు ముందే చెబితే, కొత్త కౌన్సిల్ మీరు వచ్చే రోజుకు అసెస్‌మెంట్ పూర్తిచేయకపోయినా, పాత కౌన్సిల్ తీర్చిన అవసరాలను తను తీర్చాలి. ఈ మాట ఉత్తరంలో పెట్టండి.

మారిన రోజే యూనివర్సల్ క్రెడిట్ జర్నల్‌లో చిరునామా మార్చండి. పిప్‌కు వేరేగా చెప్పాలి, ఒకచోట చెబితే రెండోచోటికి వెళ్తుందని అనుకోవద్దు. రెండు కౌన్సిళ్లు, మోటబిలిటీ, డీవీఎల్ఏ (డ్రైవింగ్ లైసెన్స్ సంస్థ), బ్లూ బ్యాడ్జ్ (వైకల్యం ఉన్నవాళ్ల పార్కింగ్ అనుమతి), కరెంటు కంపెనీలోని ప్రయారిటీ సర్వీసెస్ రిజిస్టర్ కూడా ఈ జాబితాలోవే. కరెంటుతో నడిచే పరికరాలున్నవాళ్లకు ఆఖరిది చాలా ముఖ్యం.

పోర్ట్ చేసినా కొత్త లోన్‌కు సాధారణంగా కొత్త అకౌంట్ నంబర్ వస్తుంది. ఎస్ఎంఐ సొమ్ము పాత, మూసేసిన అకౌంట్‌కు పోతుంటే కొత్త అకౌంట్‌లో బకాయి పడి, అది మీ క్రెడిట్ ఫైల్‌కు ఎక్కుతుంది. మారిన మొదటి రెండు నెలలు లెండర్ స్టేట్‌మెంట్ తెప్పించుకుని, డీడబ్ల్యూపీ చెల్లింపు ఏ తేదీన, ఏ నంబర్‌కు పడిందో మీరే చూసుకోండి. పడకపోతే అదే రోజు ఇద్దరికీ రాతపూర్వకంగా తెలియజేసి, బకాయి నమోదు చేయొద్దని లెండర్‌ను అడగండి.